ఉద్యోగంలో ఉండగా

కాజిమిర్ గారిని పాతిపెట్టి వచ్చాక చర్చి కింది హాల్లో భోజనాలు పెట్టారు. మా నాన్న పియెరోగిలు, అదే పోలండు వాళ్ల ఉడికించిన కజ్జికాయలు, ఒకదాని వెంట ఒకటి లాగిస్తున్నాడు. చావు భోజనాల్లో ఆయనకి ఆకలెక్కువ. పోయినవాడి వాటా ఎవరో ఒకరు తినాలి కదా అని ఆయన వాదన. అమ్మ బల్ల కింద నుంచి మోకాలితో పొడుస్తూనే ఉంది. ఆయన పట్టించుకోలేదు.

కాజిమిర్ గారు కొండ మీద ప్లంబరు. మా ఊళ్లో పైనున్న కాలేజీని పేరు పెట్టి ఎవరూ పిలవరు, కొండ అంటారు. పైన రాతి భవనాలు, కింద మేము. ఆయన నవంబరు మొదట్లో సైన్సు భవనం నేలమాళిగలో గొట్టం బిగిస్తూ బిగిస్తూ ఒక పక్కకి ఒరిగిపోయాడు. మనుషులొచ్చి చూసేసరికే అంతా అయిపోయింది. ఆయన కొడుకు లెషెక్, నేను ఒకే ఏడాది కొండ మీద చేరాం. ఇద్దరం అక్కడ చదవడానికి కారణం ఒకటే. మా నాన్నలు అక్కడ పని చేస్తున్నారు. కొండ మీద పనిచేసేవాళ్ల పిల్లలు మార్కులు తెచ్చుకుంటే ఫీజు కట్టక్కర్లేదు. బయట ఏ ఫ్యాక్టరీలో చీపురు పట్టినా ఇంతకంటే మంచి జీతమే వస్తుంది. అయినా కొండ మీద ఒక్క ఖాళీ వస్తే చాలు, పెళ్లికాని కుర్రాళ్లు కూడా పుట్టబోయే పిల్లల్ని తలుచుకుని ఎగబడేవారు. మా నాన్న అనీబల్ చేరేనాటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. నా చదువు కోసమే చేరానని ఆయన నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాడు, విన్నవాళ్లకీ విననివాళ్లకీ కూడా.

లెషెక్ ఆ మూల వాళ్లమ్మ పక్కన బిక్కచచ్చిపోయి నిలబడి ఉన్నాడు. వాడివైపు చూస్తూ వడ్రంగి హోరేస్ గారు గొంతు తగ్గించాననుకుని హాలంతా వినపడేలా అన్నారు:

"పాపం పిల్లాడు. ఒకందుకు నయం, చదువుకేం ఢోకా లేదు. మనిషి ఉద్యోగంలో ఉండగా పోయాడుగా."

"ఉండగా పోతే?" అన్నాడు నాన్న, నోట్లో ముద్దతోనే.

"కొండే చదివిస్తుందయ్యా. చరిత్ర పంతులు పోయినప్పుడు చూళ్లా? ఆయన కూతురు ఒక్క పైసా కట్టకుండా గౌను వేసుకుని పట్టా తీసుకుంది. ఆ స్టేజీకి మెట్లు చేసింది నేనే."

"మనంతట మనం మానేస్తేనో?"

"మానేసినా, జబ్బు చేసి వాళ్లు తీసేసినా, ఆ టర్ముతో సరి. పోతే మాత్రం వేరు."

"పూర్తయ్యేదాకానా?"

"పట్టా చేతికొచ్చేదాకా."

నాన్న ఫోర్కు పళ్లెంలో పెట్టేశాడు. తర్వాత ఏమీ తినలేదు. అమ్మ కూడా ఆశ్చర్యపోయింది. ఎట్టకేలకు ఈయన కడుపు నిండిందిరా బాబూ అనుకున్నాను నేను.

*

అమ్మ నాకు అసలు విషయం చెప్పింది కుట్టు మిషను దగ్గర. మా అమ్మ ఫిలొమేనా అంటే వీధిలో అందరికీ కర్టెన్లు కుట్టే ఆవిడ. ఏ కబురైనా మిషను తొక్కుతూనే చెబుతుంది. ఆ రోజు మిషను ఆపి చెప్పింది.

"మీ నాన్న గుండెలో వాల్వు పాడైపోయిందిటే. బోస్టన్ వెళ్లి కోసి కొత్తది వెయ్యాలిట. డాక్టరు గట్టిగా చెప్పాడు. బరువులెత్తొద్దు, చలిలో పని అసలొద్దు అన్నాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"సెప్టెంబర్లో."

"ఇప్పుడు నవంబరు కదమ్మా!"

"నాకు మొన్నే చెప్పాడే ఆ మహానుభావుడు. ప్లంబరు పోయాక చెప్పాడు. అదీ ఎలా చెప్పాడనుకున్నావ్? నవ్వుతూ. కాజిమిర్ ఉండుంటే ఈ వాల్వు వాడే మార్చిపెట్టేవాడు, బోస్టన్ దాకా పోయే పనే ఉండేది కాదు అన్నాడు."

ఆపరేషన్ ఖర్చు కొండ వాళ్ల ఇన్సూరెన్సు చూసుకుంటుంది. అది కాదు బాధ. కోసిన తర్వాత నెలల తరబడి మంచం. లేచాక కూడా బరువు ముట్టుకోకూడదు. నాన్నకున్న జబ్బు సెలవులన్నీ కిందటేడు నడుం పట్టేసినప్పుడే ఖర్చయిపోయాయి. ఊడ్చేవాళ్లకీ మోసేవాళ్లకీ కొండ మీద ఉద్యోగం ఖాళీగా అట్టిపెట్టరు. లేవలేకపోతే ఇంకొకడిని పెట్టుకుంటారు. ఉద్యోగం పోతే ఆ టర్ముతో నా చదువూ పోతుంది. నాకింకా ఏడాదిన్నర ఉంది.

"వచ్చే ఏడాది కూడా కాదు, ఆపై ఏడాది జూన్లో చేయించుకుంటాట్ట. నీ పట్టా అయ్యాక," అంది అమ్మ.

"అప్పటిదాకా ఆగుతుందా?"

అమ్మ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం తిబేరియో మామయ్య భోజనానికి వచ్చాడు. అమ్మ తమ్ముడు. నాన్నే కొండ మీద చేర్పించాడు. ఇద్దరూ ఒకే షెడ్డు, ఊడ్చేవాళ్లూ మోసేవాళ్లూ పొద్దున్నే చేరి పని పంచుకునే చోటు. పోర్చుగల్ వాళ్ల అజోర్ దీవుల నుంచి ఒకే ఓడలో వచ్చిన రోజు నుంచీ ఆ బావకీ బావమరిదికీ మధ్య ఒక్క మర్యాదైన మాట నడిచినట్టు నేనెరగను.

"ఏంటి బావా, మీ ఇంటి మెట్లెక్కుతుంటేనే నీ ఊపిరి కొండ మీది బాయిలర్ని మించిపోతోంది?"

"మీ అక్కని చేసుకున్న దగ్గర్నుంచీ అంతేరా. నువ్విప్పుడు విన్నావు."

"ఆహా! చేసుకున్న రోజు పరిగెత్తుకుంటూ వచ్చావుగా చర్చికి."

"తప్పించుకుందామని పరిగెత్తా. దారి తప్పి లోపలికొచ్చా."

అమ్మ గరిటె చూపించింది. అందరం నవ్వాం. నవ్వు ఆగాక నాన్న ఊపిరి ఒక్కటే వినిపించింది, సన్నగా ఈల వేసినట్టు. మామయ్య తల దించుకుని సూపు తాగాడు. మామయ్యకీ తెలుసు. కొండ మీద ఇంకెవరికీ తెలియకూడదన్న సంగతి కూడా మా నలుగురికీ తెలుసు. ఫలానా వాడికి ఒంట్లో బాగోలేదన్న మాట ఆఫీసు దాకా వెళ్లాక ఎంతమందిని పంపించేశారో వేళ్ల మీద చెప్పగలరు షెడ్డులో వాళ్లు. అందుకే అక్కడెవరికీ దగ్గు రాదు, జ్వరం రాదు. ఏదైనా వస్తే కాజిమిర్ గారికి వచ్చినట్టు ఒక్కసారే వస్తుంది.

*

డిసెంబరులో మొదటి పెద్ద మంచు పడింది. తొమ్మిది గంటల క్లాసులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను. కిందికి చూస్తే లైబ్రరీ మెట్లు కనిపిస్తాయి. ఆ మెట్లంటే షెడ్డులో అందరికీ హడల్. వెడల్పుగా, ఏటవాలుగా ఉంటాయి. మెషీను ఎక్కదు. పారతో ఎత్తి పక్కకి విసరడమే. తడిసిన మంచు ఒక్కో పారా ఒక్కో బస్తా బరువుంటుంది. ఆ మెట్ల మీద పార పట్టుకుని ఉన్నది మా నాన్న.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన ఆ ఎర్ర ఉన్ని టోపీలో వంగుతున్నాడు, లేస్తున్నాడు, వంగుతున్నాడు. ప్రతిసారీ వంగినప్పుడు లేవడేమోననుకున్నాను. పంతులుగారు ఏం చెప్పారో ఒక్క ముక్క వినలేదు. ఆయన లేచినప్పుడల్లా నేను ఊపిరి పీల్చుకుంటున్నానని కాసేపటికి గానీ నాకే తెలియలేదు.

క్లాసు అయ్యాక పరుగున షెడ్డుకి వెళ్లాను. మామయ్య మంచు తోసే బండికి గొలుసులు బిగిస్తున్నాడు.

"మామయ్యా, నాన్నని మెట్ల మీద వేశారా? ఎవరు వేశారు?"

"ఎవరూ వెయ్యలే."

"మరి?"

మామయ్య చేతులు గుడ్డకి తుడుచుకుని తలుపు మూశాడు.

"ఇక్కడ పద్ధతి నీకు తెలీదా పిల్లా? పొద్దున్నే సర్వీసు ఎక్కువున్నవాడు ముందు కోరుకుంటాడు. మీ నాన్న కంటే పాత కాపు ఈ షెడ్డులో లేడు. చెయ్యి చాపితే ఈ బండి తాళాలు ఆయనవే. హీటరుంది, రేడియో ఉంది, మహారాజులా కూర్చుని తిరగొచ్చు. సర్వీసున్న ప్రతివాడూ చేసేదదే. ఆ తాళాల కోసమే కదే ముసలాళ్లయ్యేదాకా కాచుక్కూచునేది!"

"మరి నాన్నో?"

"తాళాలు నా మొహాన కొట్టి పార తీసుకుంటున్నాడు. చిన్నవాళ్లకి నడుములు పోతాయి, నేను చేస్తాలే అంటాడు. అందరూ దేవుడంటున్నారు. హోరేస్ గాడైతే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు." మామయ్య గుడ్డ విసిరికొట్టాడు. "నాకు ఒళ్లు మండిపోతోంది. చెయ్యి చేసుకోబోయా కూడా. అక్క మొగుడు కదాని ఆగా."

నాకు అప్పుడు చర్చి కింది హాలు గుర్తొచ్చింది. పళ్లెంలో పెట్టేసిన ఫోర్కు గుర్తొచ్చింది. ఆయన కడుపు నిండి ఆపలేదని అర్థమైంది.

"చావాలని చూస్తున్నాడా మామయ్యా?"

"ఛ, ఛ. చావాలని కాదే. చచ్చినా ఫర్వాలేదనుకుంటున్నాడు. రెండింటికీ తేడా ఉంది."

"ఏంటి తేడా?"

మామయ్య మళ్లీ గొలుసులు బిగించడానికి కూర్చున్నాడు.

*

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం నాన్న వంటింట్లో పండక్కి ఎండు చేపని నీళ్లలో నానేస్తున్నాడు. ఆ పని ఆయన ఎవరికీ ఇవ్వడు. అమ్మ కొట్టుకి వెళ్లింది. ఇదే సమయమని నేను ఎదురుగా నిలబడ్డాను.

"నాన్నా, నేను చదువు మానేస్తున్నా."

"ఉప్పు నీళ్లు పారబొయ్యి," అన్నాడు.

"నిజంగానే చెబుతున్నా. జనవరి నుంచి వెళ్లను. నువ్వు బోస్టన్ వెళ్లి ఆపరేషన్ చేయించుకో."

"మానెయ్. మానేసి చూడు. అప్పుడూ చేయించుకోను." గొంతు పెంచలేదు. "ఇన్నేళ్లు ఎవరెవరి గదులో ఊడ్చా, ఎవరెవరి వాంతులో కడిగా. ఎందుకు కడిగానంటే నువ్వు అక్కడ కూర్చుని చదువుతావని. నువ్వు మానేస్తే నేను దేనికి బాగుపడాలి? ఇంకొకళ్ల వాంతులు కడగడానికా?"

"నువ్వు పోతే నాకు పట్టా ఎందుకు నాన్నా?"

"నేను పోతానని ఎవరన్నారు?"

"మెట్ల మీద పార పట్టుకుని నువ్వే అంటున్నావు. రోజూ అంటున్నావు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నా."

నాన్న చేతులు నీళ్లలోంచి తీసి, తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు. ఆయన మొహం చాలా ప్రశాంతంగా ఉంది. అరిచి ఉంటే బావుండేది.

"ఇలా చూడమ్మడూ. నేను బతికి పనిచేస్తే నీకు పట్టా వస్తుంది. నేను పనిలో పోయినా నీకు పట్టా వస్తుంది. బొమ్మ పడినా బొరుసు పడినా మనదే. ఆసుపత్రి మంచం ఎక్కితేనే నష్టం. నీకు లెక్కల్లో మంచి మార్కులొస్తాయిగా. ఇందులో తప్పెక్కడుందో చెప్పు, నేను రేపే పార పడేస్తా."

నాకు తప్పు దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఏడ్చాను.

"ఏడుపు లెక్క కాదు," అన్నాడు. లేచి చేప దగ్గరికి వెళ్లాడు. వెళుతూ నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చల్లగా, ఉప్పు వాసన వేస్తూ ఉంది.

ఆ తర్వాత నేను మళ్లీ మామూలు మనిషిని కాలేదు. కొండ మీద అంబులెన్సు కూత వినిపిస్తే పెన్ను చేతిలోంచి జారిపోయేది. ఏ విద్యార్థో కాలు విరగ్గొట్టుకుని ఉండేవాడు. నాకు మాత్రం ఆ ఎర్ర టోపీ మంచులో పడి ఉన్నట్టే కనిపించేది. ఇంట్లో ఫోను మోగితే అమ్మా నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం, ఎవరం లేచేవాళ్లం కాదు. ఆయన కుర్చీలో కునుకు తీస్తే దగ్గరికెళ్లి ఛాతీ కదులుతోందో లేదో చూసేదాన్ని. కదిలేది. ఒక కన్ను తెరిచి "ఇంకా ఉన్నాలే, పోయి చదువుకో," అనేవాడు. ఆయన నవ్వేవాడు. అమ్మా నేనూ మామయ్యా గుండెలు గుప్పిట్లో పెట్టుకుని ఉంటే ఇంట్లో నిర్భయంగా తిరిగినవాడు ఆయనొక్కడే. ఆయన ఏ చదువు కోసం పార పట్టాడో ఆ చదువే నాకు ఎక్కడం మానేసింది. మార్కులు తగ్గితే రాయితీ పోతుంది. ఆ భయం ఇంకొకటి. పుస్తకం తెరిస్తే పేజీ మీద మెట్లు కనిపించేవి.

*

జనవరిలో కొత్త టర్ము మొదలైంది. లెషెక్ క్లాసుకి రాలేదు. తండ్రి పోయిన బాధలో ఉన్నాడు, నాలుగు రోజులు పోతే వస్తాడనుకున్నాం. రాలేదు. ఒక మధ్యాహ్నం ఊళ్లో టైర్ల కొట్టు ముందు వాడు కనిపించాడు. నూనె మరకల ఓవర్‌కోటు వేసుకుని లారీ టైరు దొర్లించుకుంటూ పోతున్నాడు.

"లెషెక్! క్లాసులు మొదలయ్యాయిగా, ఇక్కడేం చేస్తున్నావ్?"

"కనిపించట్లా? టైర్లతో ఆడుకుంటున్నా."

"పరిహాసాలొద్దు. చదువు మానేశావా?"

"అదే నన్ను మానేసింది." టైరు గోడకి ఆనించి నా వైపు తిరిగాడు. "నాన్న ఉద్యోగం నాన్నతోనే పోయింది. ఉద్యోగంతో పాటు ఫీజు రాయితీ పోయింది. టర్ము అయ్యేదాకా ఉండనిచ్చారు. అది వాళ్ల మంచితనంట."

"అదేంటి? ఉద్యోగంలో ఉండగా పోతే పట్టా వచ్చేదాకా కొండే చదివిస్తుందిగా? హోరేస్ గారు చెప్పారు. చరిత్ర పంతులు కూతురు..."

"అదిగో, నువ్వే అన్నావుగా. పంతులు. ఆ రూలు పాఠాలు చెప్పేవాళ్లకి. గొట్టాలు బిగించేవాళ్లకి కాదు. మేమూ హోరేస్ గారి మాట నమ్మే వెళ్లాం. ఆఫీసులో ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. అమ్మకి టీ ఇచ్చింది. పువ్వులైతే ఎంత పెద్దవి పంపారో చూశావుగా."

"ఎవరికీ చెప్పలేదేం?"

"అమ్మ చెప్పొద్దంది. అడిగినవాళ్లకి కొన్నాళ్లు సెలవు పెట్టానంటున్నా." వాడు చేతులు చూసుకున్నాడు. "చచ్చిపోతూ కూడా కొడుకుని నిలబెట్టి పోయాడని ఊరంతా మా నాన్నని మెచ్చుకుంటోంది, ఇల్డా. ఆవిడకి మిగిలింది ఆ ఒక్క మాట. దాన్ని కూడా నన్నే తీసెయ్యమంటావా?"

షెడ్డులో ఒక్కరంటే ఒక్కరు ఆ రూలు గురించి ఆఫీసులో అడిగి ఉండరని అప్పుడు తట్టింది. ఎలా అడుగుతారు? నేను చచ్చిపోతే ఏమవుతుందండీ అని అడిగినవాడిని, నీ ఒంట్లో ఏముంది అని వాళ్లు ఎదురడుగుతారు. కళ్ల ముందు ఒక పంతులు కూతురు పట్టా తీసుకోవడం చూశారు, అది తమకి కూడా ఉందనుకున్నారు. ఏళ్ల తరబడి ఆ ధైర్యంతో నేలమాళిగల్లోకి దిగారు, కప్పులెక్కారు.

లెషెక్ చదువు పోయింది. నా ఎదురుగా వాడు ఆ చలిలో నిలబడి ఉన్నాడు. నాకు మాత్రం లోపల ఏదో ఎగిరి గంతేసింది. నాన్న లెక్కలో తప్పు దొరికింది.

"ఒక్కరికి చెబుతాను లెషెక్. మా నాన్నకి. ఆయనకి చెప్పకపోతే..."

వాడు నా మొహం చూశాడు. తెలివైనవాడు, అడగలేదు.

"చెప్పు," అన్నాడు. "టైర్లు కొనమని కూడా చెప్పు."

*

కొండ ఎక్కేసరికి మళ్లీ మంచు మొదలైంది. నాన్న మెట్ల మధ్యలో ఉన్నాడు. ఒక చెయ్యి రాతి గోడ మీద ఆనించి ఆగి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. విద్యార్థులు ఆయన పక్కగా తప్పుకుంటూ, కబుర్లాడుకుంటూ ఎక్కుతున్నారు.

"క్లాసు ఎగ్గొట్టావా?" అన్నాడు నన్ను చూసి.

"నాన్నా, లెషెక్ చదువు ఆగిపోయింది."

"ఎందుకాగుతుంది? వాళ్ల నాన్న ఉద్యోగంలో..."

"ఆ రూలు పంతుళ్లకి మాత్రమే. మనకి లేదు. వాడు టైర్ల కొట్టులో పని చేస్తున్నాడు. ఇప్పుడే మాట్లాడి వస్తున్నా."

"హోరేస్ చెప్పాడుగా."

"హోరేస్ గారికి తెలీదు. ఎవరికీ తెలీదు. ఎవరూ అడగలేదు."

నాన్న నావైపు చూశాడు. అబద్ధం చెబుతున్నానేమోనని చూశాడు. నేను అబద్ధం చెబితే ఆయనకి చిన్నప్పట్నుంచీ తెలిసిపోతుంది. కాసేపటికి చూపు పార మీదికి దించుకున్నాడు. పార నిండా మంచు ఉంది. దాన్ని విసరలేదు, మెల్లగా వంచి అక్కడే పోసేశాడు.

"అంటే, నేను పోతే ఏమీ రాదు."

"ఏమీ రాదు."

"పువ్వులొస్తాయి."

"పువ్వులొస్తాయి నాన్నా."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. ఆ చలికాలమంతా ఆయన పనిలో కూర్చోవడం నేను చూడలేదు. మంచు టోపీ మీద, భుజాల మీద పడుతూ ఉంది. దులుపుకోలేదు.

"కాజిమిర్‌కి తెలిస్తే ఎలా ఉండేదో," అన్నాడు. తర్వాత, అదనంగా ఇంకో షిఫ్టు నెత్తిన పడినవాడిలా మొహం పెట్టి, "అయితే బతకాలన్నమాట," అన్నాడు.

కింద దారిలో మంచు బండి వచ్చి ఆగింది. మామయ్య అద్దం దించి తల బయట పెట్టాడు.

"ఏంటి బావా, సింహాసనం బావుందా? బూర్జువాలా కూర్చున్నావ్?"

"దిగరా," అన్నాడు నాన్న.

"ఏం?"

"దిగి తాళాలివ్వు. నా సర్వీసెంతో తెలుసా నీకు? వచ్చి ఈ పార పట్టుకో."

మామయ్య బండి దిగి మెట్లెక్కి వచ్చి, పార తీసుకుని, మాకు వీపు తిప్పి గబగబా మంచు ఎత్తడం మొదలుపెట్టాడు. ఆ భుజాలు కదులుతున్న తీరు చూస్తే అది పని వల్ల మాత్రమే కాదని తెలుస్తోంది.

*

ఆయన ఇంకో వారం బండిలో కూర్చుని తిరిగాడు. ఆ వారంలో మా ఇంట్లో ఎవరం ఆపరేషన్ మాట ఎత్తలేదు. ఎత్తితే ఎక్కడ బెదిరిపోతాడోనని భయం. వారం చివర ఆయనే సూపు తాగుతూ అన్నాడు:

"నీ చదువు ఖర్మ ఏదో నేను బతికుంటే చూసుకోవచ్చు. బతికున్నవాడు ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి పీకుతాడు. సోమవారం ఆఫీసుకి వెళ్లి చెప్పేస్తా."

సోమవారం చెప్పేశాడు. వాళ్లు విచారం వెలిబుచ్చారు. నన్ను మేలో టర్ము అయ్యేదాకా చదవనిస్తామన్నారు. షెడ్డులో వాళ్లు వీడ్కోలుకి కేకు కోశారు. హోరేస్ గారు కౌగిలించుకుని, ఎందుకయ్యా తొందర, ఇంకొన్నాళ్లు లాగితే పోయేదిగా అన్నారట. నాన్న ఆయనకి నిజం చెప్పలేదు. కాజిమిర్ భార్య ముఖం చూసి ఊరుకున్నానన్నాడు.

ఫిబ్రవరిలో బోస్టన్ తీసుకెళ్లాం. ఆసుపత్రిలో ఆ పొద్దున నాన్న చాలా హుషారుగా ఉన్నాడు. నర్సుని ఏ ఊరని అడిగాడు, నేల ఎవరు తుడుస్తారోగానీ మూలలు వదిలేస్తున్నారని ఫిర్యాదు చేశాడు. అమ్మ జపమాల తిప్పుతూ గోడకి ఆనుకుని ఉంది. మామయ్య కాఫీ తెస్తానని వెళ్లి తిరిగి రాలేదు. కారిడార్ చివర మొహం గోడకి పెట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత జరగాల్సినవన్నీ ఒక్కొక్కటే జరిగాయి. నాన్న బతికాడు. ఆయన ఇంటికి రాకముందే ఆయన ఉద్యోగంలో ఇంకొకతను చేరాడు. మేలో నేను కొండ దిగాను. పగలు బేకరీలో, సాయంత్రాలు ఊళ్లోని మామూలు కాలేజీలో, మధ్య మధ్య ఆగుతూ, చాలా ఏళ్లకి ఒక పట్టా తెచ్చుకున్నాను. నాన్న స్కూలు పిల్లల్ని రోడ్డు దాటించే పని చూసుకుని, వచ్చిందంతా నా చేతిలో పెట్టేవాడు. ఆ పట్టా కొండది కాదని ఆయన మొహంలో ఎక్కడో ఒక చోట చివరిదాకా ఉండిపోయింది. నాకు లేదు. నాకు ఆ చలికాలం అయిపోయింది ఆపరేషన్ గది తలుపు ముందరే.

ఆ పొద్దున మంచాన్ని తోసుకుంటూ ఆ తలుపు దాకా వెళ్లాం. ఇక్కడి నుంచి మీరు రాకూడదు అంది నర్సు. అమ్మ వంగి నాన్న నుదుటి మీద ముద్దు పెట్టి పక్కకి తిరిగింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోబోతే ఆయన వదల్లేదు. నా మణికట్టు పట్టుకున్నాడు. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కళ్లు ఆ తలుపు మీద ఉన్నాయి. నవంబరు నుంచి నేను ఆ కళ్లలో వెతుకుతున్నది అప్పుడు కనిపించింది.

"ఇల్డా."

"ఊ."

"భయమేస్తోందే."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను.

"భయపడు నాన్నా," అన్నాను. "బాగా భయపడు."